66 సీసీ సైకిల్ ఇంజనుకు ఏ జెట్టు? పెద్ద నంబరు నుంచి కిందికి దిగండి

చైనా కిట్టు ఇంజను సైకిలుకు బిగించారు. డబ్బా మీద 80 సీసీ అని ఉంది. కార్బరేటర్ ఎన్‌టీ రకం, లోపల 70 నంబరు జెట్టు, అంటే పెట్రోలు పారే సన్న రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క. సగం రేజ్ వరకు పరవాలేదు. ఫుల్ రేజ్ ఇచ్చేసరికి డబ్ డబ్‌మని తడబడుతోంది, వేగం అందుకోవట్లేదు. సైలెన్సర్ మూతి నుంచి నల్లటి జిడ్డు కారుతోంది, ప్లగ్గు తీస్తే మసి పట్టి తడిగా వస్తోంది. 60 నంబరు జెట్టు వేస్తే తీరిపోతుందని ఎవరో చెప్పారట. వేయొచ్చా? ఇదీ ప్రశ్న.

వేయకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ పెట్రోలు ఎక్కువైనప్పటివే, అంటే మెకానిక్కులు రిచ్ అనేది. అందులో తేడా లేదు. కానీ 70 నుంచి 60కి దిగడమంటే పెట్రోలు వెళ్లే దారిని నాలుగో వంతుకు పైగా మూసేయడం. టూ స్ట్రోక్ ఇంజనులో ఆయిలు కూడా ఆ పెట్రోలుతోనే వస్తుంది. పెట్రోలు తగ్గితే మంట వేడెక్కుతుంది, అదే సమయంలో పిస్టనుకు ఆయిలూ తగ్గుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి. రిచ్ అయిన ఇంజను ప్లగ్గు పాడుచేస్తుంది, పొగ కొడుతుంది, పెట్రోలు తాగుతుంది. ప్లగ్గు తుడిచి మళ్లీ వాడుకోవచ్చు. లీన్ అయిన ఇంజను, అంటే పెట్రోలు తక్కువైనది, కాసేపు అద్భుతంగా లాగుతుంది, ఆ తర్వాత పిస్టన్ బోరులో పట్టేస్తుంది, లేదా పిస్టన్ నెత్తిన రంధ్రం పడుతుంది. అందుకే జెట్టు ఎప్పుడూ రిచ్ వైపు నుంచి వెతుక్కుంటూ, ఒక్కో మెట్టు దిగుతూ రావాలి. కింది నుంచి పైకి వెళ్లకూడదు.

ముందు నంబర్ల సంగతి. 80 సీసీ అని అమ్మే ఈ ఇంజను బోరు 47 మి.మీ., స్ట్రోకు 38 మి.మీ. లెక్క కడితే 66 సీసీ. 80కి తగ్గ జెట్టు అని పెద్దది వెతకనక్కర్లేదు. ఎన్‌టీ కార్బరేటర్ జెట్ల మీద ఉండే నంబరు రంధ్రం వ్యాసం: 70 అంటే 0.70 మి.మీ. మికుని అనే ఇంకో కార్బరేటర్ కంపెనీ జెట్లలో చాలావాటి నంబరు వ్యాసం కాదు, ఎంత పారుతుందన్న లెక్క. కాబట్టి మికుని 70, ఎన్‌టీ 70 ఒకటి కావు. మర కూడా చూసుకోవాలి. ఎన్‌టీ జెట్టుకు సాధారణంగా 5 మి.మీ. మర, 0.8 పిచ్ ఉంటుంది. పాత జెట్టు జేబులో వేసుకెళ్లి పక్కన పెట్టి పోల్చి కొనండి. మర కలవని జెట్టును బలవంతంగా తిప్పితే పాడయ్యేది జెట్టు కాదు, కార్బరేటర్ బాడీ.

చైనా జెట్ల మీద నంబరు ఒక్కోసారి అసలు ఉండదు, ఉన్నా నమ్మడానికి లేదు. కొలిచి చూసుకోవడం మేలు. సన్న డ్రిల్ బిట్ల సెట్టు తీసుకుని, బిట్టు మొన వైపు కాకుండా నున్నటి కాడ వైపు నుంచి రంధ్రంలోకి పెట్టండి. 0.70 కాడ దూరి 0.75 కాడ దూరకపోతే మీ జెట్టు ఆ రెండింటి మధ్య ఉన్నట్టు. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. అమెరికా నంబర్ల డ్రిల్ సెట్టులో నంబరు పెరిగే కొద్దీ బిట్టు సన్నబడుతుంది: 68 నంబరు 0.787 మి.మీ., 70 నంబరు 0.711, 72 నంబరు 0.635. సెట్టులో 70 బిట్టు 70 జెట్టుకు దగ్గరగా ఉండటం కేవలం యాదృచ్ఛికం. అది చూసి 72 జెట్టు కోసం 72 బిట్టు పట్టుకుంటే లెక్క తలకిందులవుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి పనిముట్ల బజార్లలో అడిగేటప్పుడు కొలత మి.మీ.లోనే చెప్పండి.

పారే పెట్రోలు రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం వ్యాసానికి వర్గంగా మారుతుంది. అందుకే చిన్న తేడా కూడా పెద్దదే. 70 నుంచి 68కి వస్తే సుమారు 6 శాతం తగ్గుతుంది. 70 నుంచి 65కి 14 శాతం. 70 నుంచి 60కి 26 శాతానికి పైనే. ఈ సైజులో ఒక్క నంబరు అంటే దాదాపు 3 శాతం అని గుర్తుంచుకుంటే చాలు, తర్వాత చెప్పబోయే లెక్కలన్నీ దాంతో అర్థమవుతాయి. కొనేటప్పుడు 64, 66, 68, 70, 72, 74 ఉన్న సెట్టు తీసుకోండి. ఫిల్టరూ సైలెన్సరూ మార్చని 66 సీసీ ఇంజన్లు మైదాన ప్రాంతంలో ఎక్కువగా ఈ నంబర్ల మధ్యే ఎక్కడో కుదురుకుంటాయి.

ఇప్పుడు అసలు విషయం. జెట్టు పెద్దదైతేనే రిచ్ అవుతుందని లేదు. జెట్టు ముట్టుకునే ముందు మిగతావన్నీ చూడాలి. లేకపోతే వేరేచోట ఉన్న లోపానికి జెట్టుతో మందు వేసినట్టవుతుంది. ఆ లోపం వల్ల తర్వాత ఎప్పుడో ఒకరోజు ఇంజను పట్టేస్తుంది.

చోక్ రేకుతో మొదలుపెట్టండి. ఎన్‌టీలో చోక్ మీట వదులుగా ఉంటుంది. ఇంజను అదురుకు అది తనంతట తానే సగం దిగి గాలి దారి మూస్తుంది. మీరు చెప్పిన లక్షణాలు అచ్చంగా దానితోనూ వస్తాయి. మీటను పూర్తిగా తెరిచిన స్థానంలో పెట్టి, దాని స్క్రూ బిగించండి, అవసరమైతే సన్న స్ప్రింగ్ వాషర్ వేయండి. తర్వాత ఎయిర్ ఫిల్టరు. స్పాంజి దుమ్ము, ఆయిలు కలిసి గట్టిపడి ఉంటే సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి, రెండు చుక్కల ఆయిలు పిసికి బిగించండి. జెట్టు పరీక్షలన్నీ ఫిల్టరు, సైలెన్సరు బిగించి ఉండగానే చేయాలి. ఫిల్టరు తీసేసి కుదిర్చిన జెట్టు ఫిల్టరు పెట్టగానే పనికిరాదు.

ఫ్లోట్ మట్టం మూడోది. కార్బరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె బౌలు, అందులో తేలుతూ మట్టాన్ని నిలిపేది ఫ్లోట్. బౌలు కింద రెండు స్క్రూలు ఉంటాయి. పెట్రోలు కాక్ కట్టేసి, గుడ్డ పరిచి, బౌలు తీయండి. కార్బరేటర్‌ను తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోట్ రెండు వైపులా బౌలు అంచుకు సమాంతరంగా నిలవాలి. ఎక్కువ వంగి ఉంటే మట్టం తేడా పడుతుంది. ఫ్లోట్‌కున్న నాలుక లాంటి రేకును ముక్కు పట్టకారుతో వెంట్రుక వాసి వంచితే సరిపోతుంది. బౌలులోకి పెట్రోలు రాకను ఆపే నీడిల్ వాల్వు కొన మీద గుండ్రంగా గాడి పడి ఉంటే అది సరిగ్గా మూయదు, పెట్రోలు పొంగుతుంది. కాక్ తెరిచి ఇంజను ఆపి పది నిమిషాలు వదిలితే కార్బరేటర్ కింద తడి కనిపిస్తోందా? అయితే తేడా వాల్వుదే, జెట్టుది కాదు.

పెట్రోలు దారి కూడా చూడండి. కాక్ నుంచి పైపు తీసి సీసాలోకి వదిలితే నిమిషానికి 100 మి.లీ. పైనే పడాలి. ఈ ఇంజను ఫుల్ రేజ్‌లో కూడా అందులో మూడో వంతు తాగదు. కానీ ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే మొదట బాగా పడి, కాసేపటికి తగ్గిపోతుంది. అందుకే మూత బిగించి ఉంచి రెండు మూడు నిమిషాలు చూడాలి. ఇక్కడ లోపం ఉంటే ఇంజను లీన్ అవుతుంది, అప్పుడు మీరు వేసే ఏ జెట్టు అయినా తప్పు సమాధానమే చెబుతుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది గాలి లీకులకు. లీకు ఉన్న ఇంజను లీన్‌గా నడుస్తుంది. దాన్ని చూసి పెద్ద జెట్టు వేస్తారు. తర్వాత ఏదో ఒకరోజు ప్యాకింగు మార్చి బిగిస్తే ఒక్కసారిగా రిచ్ అవుతుంది. ఇది పరవాలేదు, ప్రాణం పోయేది కాదు. తిరగబడేది ఇంకోటి: లీకు లేనప్పుడు కుదిర్చిన జెట్టు మీద, వాడకంలో ప్యాకింగు వదులైతే చెప్పకుండా లీన్ అవుతుంది. ఈ కిట్లలో లీకు ఎక్కువగా వచ్చే చోటు కార్బరేటర్ మెడ. ఇన్‌టేక్ పైపు మీద కార్బరేటర్ ఎక్కించి క్లాంపు బిగిస్తాం కదా, ఆ మెడకు ఒక చీలిక ఉంటుంది. పైపు ఆ చీలిక దాటి లోపలి అంచు దాకా వెళ్లాలి. రెండు మూడు మి.మీ. ముందే ఆగిపోతే క్లాంపు ఎంత బిగించినా చీలికలోంచి గాలి లాగుతూనే ఉంటుంది. కార్బరేటర్ తీసి, పైపు చివర స్కెచ్ పెన్నుతో రంగు పూసి ఎక్కించి తీస్తే ఎంత లోపలికి వెళ్లిందో తెలుస్తుంది. తక్కువైతే మెడ అడుగున పెట్రోలుకు తట్టుకునే ఓ-రింగు (గుండ్రటి రబ్బరు చుట్టు) ఒకటి కూర్చోబెట్టండి. మామూలు సిలికాన్ గమ్ము వద్దు. పెట్రోలుకు ఉబ్బి ముక్కలై లోపలికి పోతుంది.

ఇన్‌టేక్ పైపు సిలిండరుకు తగిలే ఫ్లాంజి మొహం చదునుగా ఉందో లేదో చూడటానికి, గాజు పలక మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి ఫ్లాంజిని నెమ్మదిగా ఎనిమిది ఆకారంలో రుద్దండి. అంతటా ఒకేలా మెరిస్తే చదును. మధ్యలో లేదా అంచున పాత రంగు మిగిలితే ఇంకా రుద్దాలి. కిట్టుతో వచ్చే పల్చటి ప్యాకింగు కన్నా మంచి ప్యాకింగు కాగితం కత్తిరించి వేసుకోవడం నయం. బిగించాక ఇంజను స్లోలో ఉంచి, కార్బరేటర్ మెడ చుట్టూ, ఫ్లాంజి చుట్టూ డబ్ల్యూడీ 40 లాంటి స్ప్రే కొద్దికొద్దిగా కొట్టండి. స్లో మారితే అక్కడ గాలి లాగుతోందన్నమాట. దీనికి పెట్రోలు చల్లకండి, వేడి సిలిండరు పక్కన అది మంట. ప్లగ్గుకు కరెంటు పుట్టించే మాగ్నెటో మూత తీస్తే లోపల ఆయిలు తడి ఉందా? క్రాంకు ఆయిల్ సీల్ పోయింది. ఆ సీల్ మార్చేదాకా జెట్టు ఊసే ఎత్తొద్దు.

పెట్రోలులో కలిపే 2టీ (టూ స్ట్రోక్) ఆయిలు పాళ్లు ఒకటి నిర్ణయించుకుని, పరీక్షలన్నీ దానిమీదే చేయండి. లీటరు పెట్రోలుకు 20:1 అంటే 50 మి.లీ., 25:1 అంటే 40, 32:1 అంటే 31. మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజితో కొలవండి, సీసా మూత కొలతలు వద్దు. ఆయిలు ఎక్కువైతే రిచ్ అవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయిలు పెరిగితే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది కాబట్టి లీన్ వైపే వెళుతుంది. కాకపోతే 20:1 నుంచి 32:1కి మారితే పెట్రోలు వాటా పెరిగేది 2 శాతం లోపు, ఒక నంబరు జెట్టు తేడా కూడా కాదు. పొగ, జిడ్డు ఎక్కువైతే ఆయిలు తగ్గించుకోవచ్చు కానీ ఆయిలు తగ్గించి రిచ్‌ను సరిచేయాలని చూడకండి. కొత్త ఇంజనైతే మొదటి నాలుగైదు లీటర్లు 20:1 మీద తిప్పి, రింగులు కుదిరాకే జెట్టు పని మొదలుపెట్టండి. రింగులు కుదరని ఇంజను ప్లగ్గు రంగు నమ్మదగినది కాదు.

ప్లగ్గు విషయం. కిట్టు ప్లగ్గు తీసేసి ఎన్‌జీకే బీ6హెచ్ఎస్ వేసి, గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. మధ్య పెట్టండి. ఎన్‌జీకేలో నంబరు పెరిగితే చల్ల ప్లగ్గు. మసి పడుతోందని 5 నంబరు వేడి ప్లగ్గుకు మారడం సరైన మందు కాదు. మసి కాలిపోయి కనిపించదు, లోపల పెట్రోలు ఎక్కువే ఉంటుంది. పైగా ఎండలో ఫుల్ రేజ్ నడిపితే ప్లగ్గు మొనే నిప్పురవ్వలా మారి కరెంటు రాకముందే మంట అంటిస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. హ్యాండిల్ గ్రిప్ పక్కన తెల్ల టేపు అంటించి సున్నా, పావు, సగం, ముప్పావు, ఫుల్ అని గీతలు పెట్టండి. ఈ టేపు లేకుండా ఎవరు చెప్పిన తేడా అయినా ఊహే. ముప్పావు నుంచి ఫుల్ దాకా ప్రధానంగా జెట్టు పని. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది. నీడిల్ అంటే ఇక్కడ రేజ్ ఇస్తే పైకి లేచే స్లైడుకు వేలాడే సూది. పావు కింద స్లైడ్ అడుగు కోతది. ఎన్‌టీలో స్లో కోసం విడిగా పైలట్ అనే చిన్న జెట్టు లేదు. పక్కనున్న స్క్రూ స్లైడును కొంచెం ఎత్తి పట్టుకోవడానికే. కాబట్టి స్లో నిలకడగా లేదని మెయిన్ జెట్టు (ఇంతదాకా చెప్పిన జెట్టు ఇదే) మార్చకండి, అది లీకు లేదా నీడిల్ సంగతి. అయితే ఈ కార్బరేటర్లో పెట్రోలంతా మెయిన్ జెట్టు గుండానే పైకి వస్తుంది. అందువల్ల జెట్టు మార్చిన ప్రతిసారి సగం రేజ్ కూడా కాస్త మారుతుంది. జెట్టు ఖాయమయ్యాక నీడిల్ మరోసారి చూసుకోవాలి.

మీ ఇంజను సగం రేజ్ దాకా బాగుండి ఫుల్‌లో తడబడుతోంది కాబట్టి అనుమానం జెట్టు మీదే. సగం రేజ్‌లోనూ తడబడి ఉంటే ముందు నీడిల్ క్లిప్పు చూడమనేవాణ్ని. క్లిప్పును ఒక గాడి పైకి పెడితే నీడిల్ కిందికి దిగి లీన్ అవుతుంది, కింద గాడిలో పెడితే నీడిల్ పైకి లేచి రిచ్ అవుతుంది. ఇది చాలామందికి తలకిందులుగా గుర్తుంటుంది. క్లిప్పు మధ్య గాడిలో పెట్టి మొదలెట్టండి.

జెట్టు మార్చేటప్పుడు స్క్రూడ్రైవరు మొన జెట్టు చీలికలో అంచు నుంచి అంచుకు నిండుగా కూర్చోవాలి. ఇత్తడి మెత్తన, సన్న మొనతో తిప్పితే చీలిక అంచులు మడతపడి ఆ ఇత్తడి పొర రంధ్రం మీదికి వస్తుంది. జెట్టు పైకి చూడటానికి బాగానే ఉంటుంది, పారుదల మాత్రం మారిపోతుంది. చేత్తో ఆగేదాకా తిప్పి, ఆపైన చిన్న పట్టు ఇస్తే చాలు.

74తో మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు నడిపి ఇంజను బాగా వేడెక్కాక, చిన్నగా ఎక్కుడు ఉన్న దారిలో ఫుల్ రేజ్ ఇవ్వండి. స్టాండు మీద వేసి రేజ్ ఇవ్వడం పనికిరాదు, బరువు లేని ఇంజను నిజం చెప్పదు. రిచ్ అయితే మంట ఒక రౌండు విడిచి ఒక రౌండు అంటుకుంటుంది. శబ్దం టూ స్ట్రోక్ గొంతులా సన్నగా సాగకుండా ఫోర్ స్ట్రోక్ బండిలా బరువుగా, ముక్కలుగా వస్తుంది. లూనాలు, టీవీఎస్ ఎక్స్ఎల్ సూపర్లు విప్పి బిగించిన పాత మెకానిక్కు దగ్గర ఒక్కసారి నడిపి వినిపించండి, చెవికి వెంటనే దొరికే శబ్దమది. ఎక్కుడులో కూడా ముక్కలుగానే వస్తుంటే 72కి దిగండి. తర్వాత 70, 68. ఎక్కుడు మీద ఫుల్ రేజ్‌లో శబ్దం శుభ్రంగా ఒకే తీగలా సాగి, చదునులోకి వచ్చి బరువు తగ్గగానే కొంచెం ముక్కలయ్యే జెట్టు దొరికితే అక్కడ ఆగండి. ఇంకో రెండు నంబర్లు దిగితే చదునులో కూడా శుభ్రంగా లాగుతుంది, మరో మూడు నాలుగు కి.మీ. వేగం వస్తుంది. ఆ ఆశకే ఎక్కువ ఇంజన్లు పోతాయి. గాలి తగిలి చల్లబడే ఈ చిన్న సిలిండరుకు ఆ కొంచెం అదనపు పెట్రోలే చలవ.

నిర్ధారించుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. ఫుల్ రేజ్‌లో వెళుతూ పెట్రోలు కాక్ కట్టేయండి. బౌలులో మట్టం దిగే కొద్దీ ఇంజను నెమ్మదిగా లీన్ అవుతుంది. ఆగిపోయే ముందు శబ్దం శుభ్రపడి వేగం పెరిగితే ఇప్పుడున్న జెట్టు రిచ్. పెరగకుండా నేరుగా బలం తగ్గితే జెట్టు సరిగ్గా ఉంది, లేదా ఇప్పటికే లీన్. శుభ్రపడ్డ శబ్దం వినగానే క్లచ్ పట్టి రేజ్ వదిలేయండి, ఆ స్థితిలో సాగదీయకూడదు. ఎదురు పరీక్ష చోక్‌తో: ఫుల్ రేజ్‌లో చోక్ కొద్దిగా దించినప్పుడు లాగుడు పెరిగితే లీన్, తడబాటు ఎక్కువైతే రిచ్.

చివరి మాట ప్లగ్గుది. కొత్త ప్లగ్గు వేయాలి. పాత మసి మీద కొత్త రంగు కనపడదు. ఇంజను వేడి చేసి, కొత్త ప్లగ్గు బిగించి, ఫుల్ రేజ్‌లో కిలోమీటరు నడపండి. రేజ్ తగ్గించకుండానే క్లచ్ పట్టి అదే క్షణంలో ఇంజను ఆపే కిల్ స్విచ్ నొక్కి, సైకిలును వదిలేసి ఆగనివ్వండి. రేజ్ తగ్గించి నెమ్మదిగా ఆపి చూసిన ప్లగ్గు స్లో రంగు చూపిస్తుంది, ఫుల్ రేజ్ రంగు కాదు. ప్లగ్గు తీసి మొన కాదు, తెల్ల పింగాణీ లోపల ఇనుములో కలిసే అడుగు చూడాలి. గడియారాల రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం, టార్చి ఉంటే కనిపిస్తుంది. అడుగున చుట్టూ సన్నగా కాఫీ రంగు పట్టీ ఉంటే సరైన మిశ్రమం. అడుగు నుంచి పైదాకా నల్లగా ఉంటే ఇంకా రిచ్. అడుగున కూడా పట్టీ లేకుండా తెల్లగా, మెరుస్తూ ఉంటే లీన్, వెంటనే రెండు నంబర్లు పెంచండి. పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వెండి గుండ్లలాంటి మెరుపు చుక్కలు కనిపిస్తే పిస్టన్ అల్యూమినియం కరుగుతోందన్నమాట. ఆ ఇంజను మళ్లీ స్టార్ట్ చేయకుండా హెడ్డు విప్పి చూడండి. అనుమానంగా ఉంటే ఆ ప్లగ్గు మర భాగాన్ని హాక్సా బ్లేడుతో కోసి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. ప్లగ్గు ఖరీదు పిస్టన్, బోరు పని ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

నడిపేటప్పుడు శబ్దం ఉన్నట్టుండి సన్నబడి పదునెక్కడం, బలం దానంతట అదే తగ్గడం, సిలిండరు నుంచి గులకరాళ్లు డబ్బాలో కొట్టినట్టు టిక్ టిక్‌మనడం, రేజ్ వదిలినా ఇంజను వెంటనే దిగకపోవడం, ఇవి లీన్ గుర్తులు. క్లచ్ పట్టి ఇంజను ఆపండి. చల్లారేదాకా స్టార్ట్ కోసం తొక్కకండి.

మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది బంకు పెట్రోలు. ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. ఇథనాల్ లేని పెట్రోలు కిలో పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇ20కి 13.5 చాలు. అంటే అదే జెట్టు మీద ఇ20 పోస్తే ఇంజను 7, 8 శాతం లీన్‌గా నడుస్తుంది. అమెరికాలో ఇథనాల్ లేని పెట్రోలు మీద 66 కుదిరిందని ఎవరైనా చెబితే, అదే ఇంజనుకు మన బంకు పెట్రోలు మీద 68 లేదా 69 అవుతుంది. వాళ్లది 10 శాతం ఇథనాల్ పెట్రోలైతే తేడా ఒకటి, ఒకటిన్నర నంబరు. నంబరు ఎంతన్నారని మాత్రమే కాదు, ఏ పెట్రోలు మీద అన్నారో అడగాలి.

వాతావరణం రెండోది. గాలి వేడెక్కితే పలచబడుతుంది, ఇంజను రిచ్ అవుతుంది. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల్లో రామగుండంలో కుదిర్చిన జెట్టు, డిసెంబరు తెల్లవారుజామున 12 డిగ్రీల్లో సుమారు 5 శాతం లీన్ అవుతుంది. దాదాపు రెండు నంబర్ల తేడా. ఎండాకాలంలో జెట్టు ఖాయం చేస్తే శీతాకాలం వచ్చేసరికి రెండు నంబర్లు పెంచుకోవాలి, లేదా మొదటి నుంచే ఆ పెద్దదే ఉంచుకోవాలి. ఎత్తుదీ ఇదే లెక్క. సముద్రమట్టంలో ఉన్న విశాఖలో కుదిరిన జెట్టుతో 900 మీటర్లకు పైనున్న అరకు ఎక్కితే ఒకటిన్నర నంబరు మేర రిచ్ అవుతుంది, పొగ తప్ప ప్రమాదం లేదు. అరకులో కుదిర్చిన జెట్టుతో విశాఖకు దిగడమే ప్రమాదం. సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌కు తేడా ఒక నంబరు లోపే.

కావలసిన నంబరు దొరకకపోతే చిన్న జెట్టు తెచ్చి, చేతితో తిప్పే పిన్ వైస్‌లో సన్న బిట్టు పెట్టి పెంచుకోవచ్చు. కరెంటు డ్రిల్లు వద్దు, బిట్టు విరుగుతుంది లేదా రంధ్రం అండాకారమవుతుంది. పెద్ద జెట్టును సోల్డరుతో మూసి మళ్లీ రంధ్రం చేయడం కూడా పనిచేస్తుంది. కాకపోతే సోల్డరు రంధ్రం నిండా పట్టిందో లేదో, లోపల గీకులు ఉన్నాయో లేదో భూతద్దంతో చూడాలి. గీకులున్న రంధ్రంలో కొలత సరిగ్గా ఉన్నా పారుదల తేడా పడుతుంది. శుభ్రం చేయడానికి గుండుసూది, స్టీలు తీగ వాడకండి. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి వాడండి, లేదా గాలి కొట్టించండి.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం నాలుగు చక్రాల కన్నా తక్కువున్న బండికి 25 సీసీ లోపు ఇంజను ఉంటేనే అది మోటారు వాహనం కిందికి రాదు. 66 సీసీ వస్తుంది. కాబట్టి ఈ ఫుల్ రేజ్ పరీక్షలు సొంత పొలం బాటలోనో, అనుమతి ఉన్న స్థలంలోనో పెట్టుకోండి. హెల్మెటు తప్పనిసరి. కిట్టు సైకిలు ముందు బ్రేకు మంచిది కాకపోతే పరీక్ష వాయిదా వేయండి.

జెట్టు ఖాయమయ్యాక దాని నంబరు, నీడిల్ గాడి, ఆయిలు పాళ్లు, ఆ రోజు ఉష్ణోగ్రత ఒక చీటీ మీద రాసి ట్యాంకు కింద అంటించండి. సైకిలు పదిహేను రోజులకు పైగా వాడకుండా పెట్టేటట్టయితే కాక్ కట్టేసి బౌలు ఖాళీ అయ్యేదాకా స్లోలో నడిపి ఆపండి. ఇ20 తేమ పీల్చుకుంటుంది. బౌలులో నిలవున్నది తెల్లటి పొడి పట్టించి జెట్టు రంధ్రాన్ని సన్నం చేస్తుంది. మళ్లీ బయటికి తీసిన రోజు ఫుల్ రేజ్ ఇచ్చే ముందు బౌలు విప్పి, జెట్టును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. రంధ్రం గుండ్రంగా, అంచు మెరుస్తూ కనిపించాలి.